కొత్తగా బిగించిన రైఫిల్‌లో చేత్తో నింపిన తూటాలను పరీక్షించడం: .308 విన్‌చెస్టర్ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

కొత్త రైఫిల్ గురించి మీకు ఇంకా ఏమీ తెలియదు. ఇంట్లో ప్రెస్ (తూటాలు నింపే పరికరం) మీద మీరు నింపిన తూటా గురించీ ఏమీ తెలియదు. రెంటినీ కలిపి ఒకేసారి పేల్చి చూస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు లోపం ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఉందా, పౌడర్‌లో ఉందా అన్నది తేలదు. తేలేలోపు చెయ్యో కన్నో పోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ పని మొత్తం ఒక్క పద్ధతి మీద నడవాలి: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ముందు రైఫిల్ సంగతి తేల్చుకుని, తర్వాత తూటా జోలికి వెళ్ళాలి.

అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్ లాంటి చోట్ల, రెమింగ్టన్ 700 తరహా యాక్షన్ (బోల్ట్ కదిలే, బ్యారెల్ బిగిసే నడిమి భాగం) కొని, దానికి ముందే ఛాంబర్ కోసిన బ్యారెల్ తెప్పించుకుని, గ్యారేజీలోనే బిగించుకునే మన తెలుగువాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణకు .308 విన్‌చెస్టర్ తీసుకున్నాను. 1952 నుంచి బజారులో ఉన్న తూటా కాబట్టి దీనికి దొరికినంత డేటా, గేజులు, ఫ్యాక్టరీ తూటాలు మరో దానికి దొరకడం కష్టం. 6.5 క్రీడ్‌మోర్ లాంటి ఇంకో తూటా అయినా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం వేరు.

ముందు చట్టం

ఇండియాలో చదువుతున్నవాళ్ళకు ఒక్క మాట. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారుచేయడం నేరం. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు దీన్ని తెలుసుకోవడం కోసం చదవండి, చేసి చూడటానికి కాదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు అంతకంటే ముఖ్యమైన సంగతి వీసా. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. మినహాయింపులు ఉన్నాయి. అందరికీ తెలిసినది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు. గ్రీన్ కార్డు ఉంటే ఈ అడ్డంకి లేదు. "ఫ్రెండ్ రైఫిలే కదా, నాలుగు రౌండ్లు వేసి ఇచ్చేస్తా" అనుకుని ఇమిగ్రేషన్ ఫైలు పాడుచేసుకోవద్దు, ముందే లాయర్ని అడగండి. సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. సొంతంగా రైఫిల్ కట్టుకోవడం మీద రాష్ట్రానికో రూలు ఉంది, మీ రాష్ట్రం సంగతి చూసుకోండి.

మొదటి దశ: తూటా దగ్గరికి రాకముందు

బ్యారెల్ బిగించడం అయ్యాక రైఫిల్ చూడ్డానికి బాగుంటుంది, నేరుగా రేంజికి పట్టుకెళ్ళాలనిపిస్తుంది. ఆగండి. బ్రిటన్, జర్మనీ, ఇటలీ లాంటి దేశాల్లో కొత్త తుపాకీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రూఫ్ హౌస్‌కి వెళ్తుంది. అక్కడ మామూలు గరిష్ఠ ప్రెషర్ కంటే 25 శాతం ఎక్కువ పెట్టి పేల్చి, నిలబడితేనే ముద్ర వేస్తారు. అమెరికాలో అలాంటి తప్పనిసరి చట్టం లేదు. పెద్ద కంపెనీలు తమ రైఫిళ్ళను తామే ప్రూఫ్ చేసుకుంటాయి. మీరు గ్యారేజీలో బిగించినదాన్ని ఎవరూ పరీక్షించలేదు, ఆ బాధ్యత మీదే. అలాగని ఇంట్లో ప్రూఫ్ లోడ్ (అలా ఎక్కువ ప్రెషర్ పెట్టే తూటా) తయారుచేసే ఆలోచన మాత్రం చేయొద్దు. ఈ దశలో కావలసింది కొలతలు.

ముందు బ్యారెల్ లోపల చూడండి. కొత్త బ్యారెల్‌లో కోత నూనె, గ్రీజు, సన్నటి ఇనుప రజను మిగిలి ఉండొచ్చు. ఛాంబర్ వైపు నుంచి రాడ్ పెట్టి తడి ప్యాచ్‌లు, ఆ తర్వాత పొడి ప్యాచ్‌లు తెల్లగా వచ్చేదాకా తోయండి. ఛాంబర్‌ని విడిగా తుడవాలి, అక్కడ నూనె ఉంటే పేలినప్పుడు కేసు (తూటా ఇత్తడి తొడుగు) గోడకు పట్టు దొరకక బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) మీద భారం పెరుగుతుంది. చివరికి లైటు వేసి ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. నా లెక్కలో బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపల చూసే సన్నటి కెమెరా) ఉంటే మంచిదే గానీ, తప్పనిసరి కాదు. అందులో కనబడే ప్రతి గీతకూ టెన్షన్ పడేవాళ్ళు చాలామంది.

తర్వాత స్క్రూలు. అల్యూమినియం చాసిస్‌లో యాక్షన్ స్క్రూలకు సాధారణంగా 65 ఇంచ్-పౌండ్లు చెబుతారు, స్కోపు రింగులకు 15 నుంచి 18. మీ తయారీదారు ఇచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. టార్క్ రెంచి లేకుండా చేతి అంచనాతో బిగిస్తే, రేపు గ్రూపు (ఒకే గురి మీద వేసిన రౌండ్ల రంధ్రాల గుంపు) చెదిరినప్పుడు పౌడర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు, తీరా చూస్తే వదులైంది స్కోపు బేస్.

ట్రిగ్గర్, సేఫ్టీ పరీక్ష ఖాళీ రైఫిల్ మీద చేయాలి. బోల్ట్‌ని గట్టిగా కొట్టి మూయండి, ఫైరింగ్ పిన్ దానంతటది పడకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగండి, వదలండి, సేఫ్టీ తీయండి, అప్పుడూ పడకూడదు. బట్‌ని రబ్బరు మ్యాట్ మీద తట్టి చూడండి. వీటిలో ఒక్కటి తప్పినా ట్రిగ్గర్ సరిచేసేదాకా అక్కడే ఆగిపోవాలి.

రెండో దశ: హెడ్‌స్పేస్

బోల్ట్ మూసి ఉన్నప్పుడు, దాని ముఖం నుంచి ఛాంబర్ భుజం (మెడ వైపు సన్నబడే వాలు) మీది కొలత గీత దాకా ఉన్న దూరమే హెడ్‌స్పేస్. ఇది తక్కువైతే తూటా పెట్టాక బోల్ట్ మూతపడదు. ఎక్కువైతే పేలినప్పుడు కేసు సాగి, అడుగు భాగం దగ్గర తెగుతుంది. అలా తెగితే వేడి గ్యాస్ నేరుగా మీ ముఖం వైపు వస్తుంది.

దీన్ని గేజులతో, అంటే తూటా ఆకారపు ఉక్కు కొలత ముక్కలతో చూస్తారు. .308 విన్‌చెస్టర్‌కు గో గేజ్ 1.630 ఇంచులు, నో-గో గేజ్ 1.634 ఇంచులు. రెంటికీ తేడా ఒక మామూలు ప్రింటర్ కాగితం మందం అంత. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (పేలిన కేసును బయటికి తోసే స్ప్రింగు పిన్ను) రెండూ తీసేసి చూడాలి. అవి ఉంటే స్ప్రింగుల ఒత్తిడే చేతికి తగులుతుంది, గేజ్ తగలదు. గో గేజ్ పెట్టినప్పుడు బోల్ట్ హ్యాండిల్ దాని బరువుకే, లేదా ఒక్క వేలితో మూతపడాలి. నో-గో పెట్టినప్పుడు మూతపడకూడదు. బలవంతం చేయొద్దు, గట్టిగా నొక్కితే ఉక్కు గేజ్ మీద కూడా బోల్ట్ మూతపడుతుంది, ఆ క్రమంలో బోల్ట్‌ని పట్టి ఉంచే లగ్స్ పాడవుతాయి. నో-గో మీద బోల్ట్ తేలిగ్గా మూతపడిందంటే రేంజి ప్రోగ్రాం రద్దు. బ్యారెల్ నట్ (బ్యారెల్‌ని యాక్షన్‌కి బిగించే నట్) వదులు చేసి మళ్ళీ అమర్చుకోవాలి, లేదా గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళాలి.

బ్యారెల్ నట్ ఉన్న రైఫిల్‌లో ఒక తిరకాసు ఉంది. గేజ్ మీద అంతా సరిగ్గా పెట్టి నట్ బిగించేటప్పుడు బ్యారెల్ కూడా కొంచెం తిరిగి, కొలత మారిపోవచ్చు. బిగించాక రెండు గేజులూ మళ్ళీ పెట్టి చూడాల్సిందే.

మూడో దశ: తొలి రౌండ్లు ఫ్యాక్టరీవే

రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం) మీద మోజుతో చాలామంది ఈ దశను ఎగ్గొడతారు. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే.

పేరున్న కంపెనీ మ్యాచ్ తూటాలు (గురి పోటీల కోసం చేసినవి) రెండు పెట్టెలు కొనండి. ఫెడరల్ అనే కంపెనీ గోల్డ్ మెడల్ మ్యాచ్‌లో 168 గ్రెయిన్ల (బుల్లెట్, పౌడర్ తూచే చిన్న కొలత) బుల్లెట్ ఉన్న తూటాకు పెట్టె మీద రాసే వేగం సెకనుకు 2650 అడుగులు, 175 గ్రెయిన్లదానికి 2600. ఆ తూటాలు సామీ (తూటాలకు ప్రమాణాలు పెట్టే అమెరికా పరిశ్రమ సంస్థ) ప్రమాణం దాటవు. .308కు సామీ గరిష్ఠ ప్రెషర్ 62,000 పీఎస్‌ఐ. అంటే ఈ తూటాతో తేడా వస్తే లోపం రైఫిల్‌లోనే ఉందని తేలికగా చెప్పవచ్చు.

కళ్ళజోడు, చెవులకు లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి. మజిల్ బ్రేక్ (బ్యారెల్ మూతి దగ్గర తన్ను తగ్గించే అమరిక) ఉంటే పక్కవాళ్ళకూ చెప్పండి. రేంజి అనుమతిస్తే మొదటి రౌండును రైఫిల్‌ని బెంచి మీద కట్టేసి, దూరంగా అడ్డం వెనక నిలబడి తాడుతో పేల్చే పాత పద్ధతి ఉంది. చూసేవాళ్ళు నవ్వొచ్చు, నవ్వనివ్వండి.

ఒక్క తూటా మాత్రమే పెట్టండి, మ్యాగజీన్ నింపొద్దు. పేల్చాక బోల్ట్ ఎత్తేటప్పుడు చేతికి ఎలా తగిలిందో గమనించండి. కేసు తీసి వెలుతురులో తిప్పి చూడండి. మెడ పగిలిందా, భుజం సరిగా విచ్చుకుందా, అడుగుకు కొంచెం పైన చుట్టూ మెరిసే గీత ఏమైనా ఉందా? ఆ గీత ఉంటే కేసు అక్కడ పలచబడుతోందని అర్థం. సన్నటి తీగ కొన వంచి, కేసు లోపల గోడ వెంబడి పైకి లాగితే, పలచబడిన చోట తీగ చిన్న గాడిలో తట్టుకుంటుంది. ఫ్యాక్టరీ తూటా మొదటిసారి పేలినప్పుడే ఇలా ఉంటే హెడ్‌స్పేస్ మళ్ళీ చూడాలి.

ఇప్పుడు ప్రైమర్ (కేసు అడుగున ఉండే, పిన్ను దెబ్బకు మండే చిన్న గిన్నె) చూడండి. రెమింగ్టన్ 700 తరహా బోల్టుల్లో కొన్నింటికి ఫైరింగ్ పిన్ రంధ్రం పిన్ను కంటే కాస్త వెడల్పుగా ఉంటుంది. అలాంటివాటిలో మామూలు ఫ్యాక్టరీ తూటాకు కూడా ప్రైమర్ మీద దెబ్బ చుట్టూ చిన్న గట్టు లేస్తుంది. రీలోడింగ్ మాన్యువళ్ళలో దీన్ని ప్రెషర్ ఎక్కువైన గుర్తుగా రాస్తారు. మీ రైఫిల్ ఫ్యాక్టరీ తూటాకే ఆ గట్టు చూపిస్తే, అది దాని స్వభావం. రేపు మీ సొంత తూటాకు అదే గట్టు కనబడితే కంగారు పడక్కర్లేదు, ఫ్యాక్టరీ కేసు పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అందుకే ఈ మొదటి కేసుల్లో ఒక అయిదింటిని ప్రైమర్ తీయకుండా, పేరు రాసి డబ్బాలో దాచండి. ముందు ముందు మీ కొలబద్ద అవే.

క్రోనోగ్రాఫ్ పెట్టి వేగం కూడా రాసుకోండి. పెట్టె మీది అంకె సాధారణంగా 24 ఇంచుల బ్యారెల్‌ది. .308లో బ్యారెల్ ఒక ఇంచు తగ్గితే వేగం సుమారు 20 నుంచి 25 అడుగులు తగ్గుతుంది. మీది 20 ఇంచులదైతే 2650 బదులు 2560 దరిదాపుల్లో వస్తే సంతోషించాలి.

కొత్త బ్యారెల్ తొలి 100, 150 రౌండ్లలో కొంత వేగం పుంజుకుంటుందని షూటర్లందరికీ తెలిసిన సంగతే. కొన్ని పదుల అడుగులు పెరగడం మామూలే. అంటే 20వ రౌండు దగ్గర మీరు తేల్చుకున్న గరిష్ఠ లోడు (తూటాలో వేసే పౌడర్ మోతాదు), 150వ రౌండు దగ్గర గరిష్ఠం దాటిపోవచ్చు. అందుకే అసలు లోడ్ పరీక్ష మొదలుపెట్టే ముందు బ్యారెల్‌లోంచి ఫ్యాక్టరీ తూటాలో, మాన్యువల్‌లోని ప్రారంభ లోడుతో నింపిన తూటాలో ఒక వంద పోనివ్వమని చెబుతాను. ఒక్కో రౌండుకు ఒకసారి క్లీన్ చేసే బ్రేక్-ఇన్ పూజ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చేస్తే నష్టం లేదు, బ్యారెల్ కంపెనీ చెబితే చేయండి.

నాలుగో దశ: మీ ఛాంబర్‌ని కొలవడం

పేలిన కేసు మీ ఛాంబర్ అచ్చు. కంపారేటర్ ఇన్‌సర్టుతో దాని భుజం దాకా కొలవండి, ప్రైమర్ తీసేసి. డై (పేలిన కేసును మళ్ళీ కొలతకు నొక్కే అచ్చు) అమర్చేటప్పుడు కేసు భుజాన్ని ఆ కొలత నుంచి 0.002 ఇంచు మాత్రమే వెనక్కి నెట్టాలి. డై అడుగున షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దింపేయమని డై పెట్టెలో కాగితం చెబుతుంది. అలా చేస్తే కొన్ని ఛాంబర్లలో భుజం అవసరానికి మించి వెనక్కి పోయి, రైఫిల్‌కి మంచి హెడ్‌స్పేస్ ఉన్నా కేసుకు లేకుండా పోతుంది. నో-గో గేజుతో జాగ్రత్తగా చూసుకున్నదంతా ఆ ఒక్క నొక్కుతో వృథా.

తర్వాత బుల్లెట్ రైఫ్లింగ్‌ను (బ్యారెల్ లోపలి మెలి గాడులు) ఎక్కడ తాకుతుందో కొలవాలి. దారాలు కోసిన కేసు, కడ్డీ ఉన్న గేజు ఇందుకు దొరుకుతుంది. బుల్లెట్‌ను మెల్లగా ముందుకు తోసి, తగిలిన చోట ఆపి, బుల్లెట్ వంపు మీది ఒక స్థిరమైన చోటు దాకా కొలత రాసుకోండి. ఒక అయిదారుసార్లు చేసి సగటు తీయండి. బుల్లెట్ మొన దాకా కొలవడం ఇక్కడ పనికిరాదు, మ్యాచ్ బుల్లెట్ల మొనలు ఒక్కో దానికి ఒక్కో పొడవు ఉంటాయి. మొత్తం పొడవు సామీ పరిమితి 2.810 ఇంచులు, మ్యాగజీన్‌లో పట్టాలి కాబట్టి చాలామంది 2.800 దగ్గర ఉంటారు. మొదలుపెట్టేటప్పుడు రైఫ్లింగ్‌కు కనీసం 0.020 ఇంచు దూరం ఉండేలా చూసుకోండి. బుల్లెట్ రైఫ్లింగ్‌ను తాకుతూ ఉంటే అదే పౌడర్‌కు ప్రెషర్ పెరుగుతుంది.

అయిదో దశ: నింపడం

పౌడర్ ఎంత వేయాలో ఇక్కడ ఒక్క గ్రెయిన్ కూడా రాయను, ఇంకెవరు రాసినా నమ్మొద్దు. హాడ్జ్‌డన్, సియెర్రా, హార్నడీ, లైమన్ మాన్యువళ్ళలో కనీసం రెండు తెరవండి. మీ బుల్లెట్, మీ పౌడర్ ఉన్న వరుస చూసి, రెంటిలో తక్కువ ఉన్న ప్రారంభ లోడు తీసుకోండి. ప్రారంభం ఇవ్వకుండా గరిష్ఠం మాత్రమే ఇచ్చి ఉంటే, దానికి 10 శాతం తగ్గించి మొదలుపెట్టాలి. పేరు అక్షరం అక్షరం చూసుకోండి. హెచ్4895 వేరు, ఐఎమ్‌ఆర్ 4895 వేరు. హెచ్4350, ఐఎమ్‌ఆర్ 4350 కూడా అంతే. అంకె ఒకటే అని ఒకదాని డేటా ఇంకోదానికి వాడకూడదు.

కేసులు ఒకే కంపెనీవి, ఒకే లాట్‌వి కావాలి. సైనిక 7.62 (.308కు సైనిక రూపం) కేసుల గోడలు సాధారణంగా మందం, లోపల చోటు తక్కువ, అదే పౌడర్‌కు ప్రెషర్ ఎక్కువ. కేసు పొడవు 2.015 ఇంచులు దాటకూడదు, దాటితే 2.005కు ట్రిమ్ చేస్తారు. పొడవైన మెడ ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను నొక్కి పట్టుకుంటే ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. డిజిటల్ తూకం అయితే ముందే ఆన్ చేసి స్థిరపడనివ్వండి, చెక్ వెయిట్‌తో చూసుకోండి. ఏసీ గాలి, ఫ్యాను, పక్కన పెట్టిన ఫోన్ అన్నీ దాన్ని తప్పు చూపించేలా చేస్తాయి.

వార్‌గెట్ లాంటి పుల్లల పౌడర్‌తో ఒక ప్రమాదం ఉంది, కొత్తవాళ్ళకు తట్టదు. పుల్లలు గరాటా మెడలో అడ్డంగా ఇరుక్కుని వంతెన కట్టేస్తాయి. ఈ కేసులో సగమే పడుతుంది, మిగతా సగం తర్వాతి కేసులో దాని వాటాతో కలిసి పడుతుంది. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, రెండూ ప్రమాదమే. గరాటాను ప్రతిసారీ వేలితో తట్టండి. అన్ని కేసులూ నింపాక, బుల్లెట్ పెట్టకముందే, లోడింగ్ బ్లాకును ఏటవాలుగా పట్టుకుని టార్చి వేసి వరుస వరుస చూడండి. పౌడర్ మట్టం ఒక్క దాంట్లో తేడాగా ఉన్నా ఖాళీ చేసి మళ్ళీ తూచండి.

మొదటి పరీక్షకు ప్రారంభ లోడు నుంచి 0.3 గ్రెయిన్ చొప్పున పెంచుకుంటూ, ఒక్కో మెట్టుకు రెండేసి తూటాలు నింపితే చాలు. మాన్యువల్ గరిష్ఠం దాటి ఒక్కటి కూడా నింపొద్దు, నింపి తీసుకెళ్తే అక్కడ పేల్చాలనిపిస్తుంది. ప్రతి కేసు మీదా మార్కర్‌తో అంకె, పెట్టె మీద తేదీ, పౌడర్ పేరు, లాట్ నంబర్, ప్రైమర్, పొడవు రాయండి. నింపినవన్నీ మీ ఛాంబర్‌లో తేలిగ్గా కూర్చుంటాయా అని చూసుకోవాలి. అయితే ఇంట్లో ఫైరింగ్ పిన్ తీసిన బోల్ట్‌తోనే చూడాలి.

ఆరో దశ: ప్రెషర్ మెట్లు

రేంజిలో మొదట రెండు ఫ్యాక్టరీ తూటాలు పేల్చండి. స్కోపు, క్రోనోగ్రాఫ్ సరిగా ఉన్నాయో తెలుస్తుంది. ఆ తర్వాత కింది మెట్టు నుంచి పైకి, వరుస తప్పకుండా, ఒక్కొక్కటి. ప్రతి కేసునూ చూశాకే తర్వాతిది. గ్రూపు ఎలా ఉందన్నది ఈ రోజు పట్టించుకోవద్దు.

ఏం చూడాలి? బోల్ట్ ఎత్తడం బరువెక్కిందా అన్నది అన్నిటికంటే మొదట చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత కేసు అడుగు. పేలినప్పుడు ఇత్తడి ఎజెక్టర్ రంధ్రంలోకి పొంగి, బోల్ట్ తిప్పేటప్పుడు అది చెక్కుకుపోతుంది. కంపెనీ అక్షరాల మీద చిన్న గుండ్రటి మెరుపు మచ్చ పడుతుంది. గోరుతో రాస్తే అంచు తగులుతుంది. అది కనబడ్డ మెట్టు దగ్గరే ఆపేయాలి. మిగిలిన పై మెట్లు పేల్చకుండా ఇంటికి తీసుకెళ్ళాలి, మాన్యువల్ గరిష్ఠానికి ఇంకా దూరం ఉన్నా సరే. మీ ఛాంబర్, మీ కేసు, మీ లాట్ పౌడర్ మాన్యువల్ వాళ్ళవి కావు.

ప్రైమర్ చదునుగా అవడం ఒక్కదాన్నే నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు. ఫెడరల్ కంపెనీ ప్రైమర్ మెత్తన, త్వరగా చదునవుతుంది. పైగా లోడు తక్కువై, హెడ్‌స్పేస్ ఎక్కువైనప్పుడు కూడా ప్రైమర్ వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కుకుపోయి చదునుగా కనబడుతుంది. ప్రైమర్‌కు రంధ్రం పడినా, చుట్టూ నల్లటి మసి ఉన్నా, కొత్త ప్రైమర్ పాకెట్లో వదులుగా కూర్చున్నా అప్పటికే హద్దు దాటారని అర్థం.

నేను ఎక్కువ నమ్మేది క్రోనోగ్రాఫ్‌ని. ప్రెషర్ లేకుండా వేగం ఊరికే రాదు. మీ బ్యారెల్ పొడవుకు సర్దుబాటు చేసుకున్నాక, మాన్యువల్‌లో గరిష్ఠ లోడు పక్కన రాసిన వేగం మీకు రెండు మెట్ల ముందే వచ్చేసిందనుకోండి. కేసు మీద ఏ గుర్తూ లేకపోయినా మీరు గరిష్ఠ ప్రెషర్ దగ్గరే ఉన్నారు. రాడార్ రకం క్రోనోగ్రాఫ్ అయితే రైఫిల్‌ని తాకదు. బ్యారెల్‌కి కట్టే బయొనెట్ రకం వేగానికి బాగానే పనికొస్తుంది గానీ, గ్రూపును మార్చేస్తుంది, ఆ రెండు పరీక్షలూ దాంతో కలిపి చేయొద్దు.

క్లిక్కుమన్నా, టప్పుమన్నా

ట్రిగ్గర్ లాగితే క్లిక్కుమని ఊరుకుంటే, రైఫిల్‌ని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. నేనైతే నిమిషం ఆగుతాను. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి, వెంటనే బోల్ట్ తెరిస్తే అది మీ చేతిలో పేలుతుంది.

అంతకంటే మోసకారి, టప్పుమని చిన్న చప్పుడుతో, తన్ను లేకుండా పోయేది. పౌడర్ సరిగా పడని తూటా. బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఆ వెనకాలే ఇంకో రౌండు వేస్తే బ్యారెల్ చీలిపోతుంది. బోల్ట్ తీసేసి, వెలుతురు ఆ చివర నుంచి కనబడుతోందో లేదో చూసేదాకా రెండో రౌండు ముట్టుకోకూడదు. పక్క బెంచీవాళ్ళు దడదడ పేలుస్తుంటే చప్పుడులో తేడా తెలియదు. ఈ పరీక్షకు రద్దీ తక్కువ ఉండే వారం మధ్య ఉదయం వెళ్ళమని చెప్పేది అందుకే.

ఏడో దశ: గ్రూపులు, వాటి వెనక లెక్క

ప్రెషర్ హద్దు తెలిశాక, దానికి కొంచెం కిందనున్న మూడు నాలుగు మెట్లు ఎంచుకోండి. ఒక్కో దానికి పది తూటాలు. 100 గజాల దగ్గర ఒక నిమిషం కోణం, షూటర్లు ఎమ్‌ఓఏ అనేది, 1.047 ఇంచులు.

ఇక్కడే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. మూడు రౌండ్లు వేసి, మూడూ ఒకే రంధ్రంలో పడగానే ఫొటో తీసి, లోడు దొరికిందంటారు. లెక్క ప్రకారం చూస్తే, ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే చెయ్యి అయినా, మూడు రౌండ్ల గ్రూపు సగటున 1 ఇంచు వస్తే పది రౌండ్ల గ్రూపు సగటున దాదాపు 1.6 ఇంచులు వస్తుంది. రైఫిల్ చెడిపోలేదు, మూడు రౌండ్లు నిజాన్ని పూర్తిగా చూపించలేదు అంతే.

వేగాల తేడా కూడా అంతే. అయిదు రౌండ్లకు స్టాండర్డ్ డీవియేషన్ (వేగాలు సగటు నుంచి ఎంత చెదిరాయన్న కొలత) 8 వచ్చిందని మురిసిపోతారు. అయిదు రౌండ్లతో వచ్చిన 8 వెనక, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, అసలు విలువ 5 నుంచి 23 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అదే 20 రౌండ్లతో 8 వస్తే అసలు విలువ 6కు, 12కు మధ్య ఉంటుంది. రెండు లోడుల మధ్య 8కి, 11కి తేడా చూసి ఒకదాన్ని పారేయడం అర్థం లేని పని. ఆ తేడా 100 గజాల్లో ఎలాగూ కనబడదు. 800 గజాల అవతల మాత్రం బుల్లెట్లు పైకీ కిందకీ చెదరడం చూపిస్తుంది.

పేల్చే వరుస కూడా ముఖ్యమే. ఒక లోడు పదీ అయ్యాక ఇంకో లోడు పదీ వేస్తే, చివరి లోడుకు వచ్చేసరికి బ్యారెల్ వేడెక్కుతుంది, మీరు అలసిపోతారు, గాలి మారుతుంది, నింద మాత్రం పౌడర్ మీద పడుతుంది. నాలుగు టార్గెట్లు పెట్టుకుని ఒక్కో దాని మీద ఒక్కో లోడు, ఒక్కో రౌండు చొప్పున తిరుగుతూ వేయండి. ఎండ, గాలి, అలసట అన్నిటికీ సమానంగా పంచబడతాయి. బ్యారెల్‌ని వేళ్ళతో పట్టుకుని ఉండలేకపోతే ఆగాలి. నింపిన తూటాను వేడి ఛాంబర్‌లో పెట్టి గాలి కోసం ఎదురుచూడటం కూడా తప్పే, పౌడర్ వేడెక్కి ఆ ఒక్కటి పైకి పోతుంది. టెక్సాస్ ఎండలో కారులో వదిలేసిన పెట్టె సంగతి చెప్పనే అక్కర్లేదు, తూటాలు నీడలో ఉండాలి.

చేయి జారిన రౌండు ఉంటే పేలిన వెంటనే, రంధ్రం చూడకముందే పుస్తకంలో రాయండి. చూశాక "అది నేనే లాగేశాను" అనడం అందరూ చేసేదే, దాన్ని లెక్కలోంచి తీసేయకూడదు.

ఎనిమిదో దశ: లోతు

పౌడర్ తేలాక సీటింగ్ లోతు (బుల్లెట్‌ను కేసులోకి ఎంత దింపాలన్నది) మార్చవచ్చు. రైఫ్లింగ్ నుంచి 0.020, 0.040, 0.060 ఇంచుల దూరాలు చూస్తే సరిపోతుంది, ప్రతి 0.003కూ ఒక గ్రూపు వేసే ఓపిక నాకు లేదు, దానివల్ల తేడా తెలుస్తుందన్న నమ్మకమూ లేదు. రైఫ్లింగ్ దగ్గరికి జరిపే ఏ మార్పుకైనా పౌడర్ ఒకటి రెండు మెట్లు దించి మళ్ళీ పైకి రావాలి.

ప్రైమర్ రకం, కేసు కంపెనీ, బుల్లెట్, పౌడర్ లాట్, వీటిలో ఏది మారినా ఇదే నిబంధన. కొత్త డబ్బా పౌడర్ పాతదాని పేరే ఉన్నా, లాట్ నంబర్ వేరైతే కింది నుంచి నాలుగు రౌండ్లు వేసి, వేగాలు పాత పుస్తకంతో పోల్చుకున్నాకే పూర్తి లోడుకు వెళ్ళండి.

చేతులు చల్లటి నీళ్ళతో, సబ్బుతో కడుక్కోండి, తినేముందు తప్పనిసరిగా. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. రేంజి బట్టలు పిల్లల బట్టలతో కలపొద్దు.

ప్రెషర్ గుర్తు కనబడి ఆపేసిన మెట్టు నుంచి పైకి మిగిలిపోయిన తూటాలను డ్రాయర్‌లో దాచొద్దు, ఆరు నెలల తర్వాత అవి ఏమిటో గుర్తుండదు. సుత్తి రకం బుల్లెట్ పుల్లర్‌తో విప్పండి, కళ్ళజోడు పెట్టుకుని, కాంక్రీటు మీద కాకుండా కర్ర దిమ్మ మీద కొట్టండి. బుల్లెట్, కేసు మళ్ళీ వాడుకోవచ్చు. పౌడర్ ఏ డబ్బాలోదో రాతపూర్వకంగా తెలిస్తే తప్ప తిరిగి డబ్బాలో పోయొద్దు.